జంకు, జాగరూకత

తాడును చూసి పామని భ్రమించడం మన వేదాంతులకు ప్రియమైన దృష్టాంతం. వెలుతురు రాగానే భ్రాంతి తొలగిపోతుందని వారి ప్రతిపాదన. కాని ఒకప్పుడు నిజంగానే పాముకాటు తిన్నవాడి సంగతి వేరు. దీపం తెచ్చి చూపినా అతని అడుగు వెంటనే ముందుకు పడదు. ఆ సంకోచాన్ని అవివేకమని తోసిపుచ్చగలమా?

చరిత్ర అలా చెప్పదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినపుడు అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది మరణించారు. 1990 మే నెలలో మరో పెనుతుపాను కృష్ణా తీరాన్ని తాకింది. అప్పటికి ఆ జ్ఞాపకం జాగరూకతగా మారింది. లక్షలాది ప్రజలను ముందుగానే తరలించారు. మృతుల సంఖ్య వేయి లోపునే నిలిచింది. 1999 నాటి మహావిపత్తు తరువాత ఒడిశా కూడా ఇదే పాఠం నేర్చుకొన్నదని 2013లో ఫైలిన్ తుపాను సమయంలో రుజువైంది.

అయితే అనుభవం నేర్పే పాఠం అన్నివేళలా ఒకటే కాదు. తీరప్రాంతంలో నేను ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, హెచ్చరిక విని కూడా ఇల్లు కదలని వృద్ధ మత్స్యకారుడొకడు నాతో అన్నాడు: "కిందటిసారి మీ మాట విని వెళ్లాం అయ్యా. తుపాను రాలేదు. తిరిగొచ్చేసరికి వల మాత్రం లేదు."

నా వద్ద సమాధానం లేకపోయింది. తరలింపు ఉత్తర్వుపై సంతకం చేయబోతే నా కలమూ క్షణం ఆగింది. ఈసారీ తుపాను దారి మళ్లితే నవ్వులపాలవుతానేమోనన్న శంక అది. మా ఇద్దరి జంకూ ఒకటి కాదని అప్పుడే గ్రహించాను. అతడు వెనుకాడింది బతుకుతెరువు పోతుందని. నేను వెనుకాడింది పరువు పోతుందని. నా జంకుకు మూల్యం చెల్లించేది మాత్రం నేను కాదు, అతడే.

సంతకం చేశాను. పడవలకూ వలలకూ కాపలా ఏర్పాటు చేయాలని మరో ఉత్తర్వు జోడించాను. ఆ మాట విన్నాక వృద్ధుడు మూట కట్టుకొన్నాడు.

దెబ్బతిన్నవాడి సంకోచం ధైర్యవచనాలతో తీరదు. దాని కారణాన్ని తొలగించాలి. ఇక మన సంకోచం విషయానికి వస్తే, మనం జంకుతున్నది ఎవరి నష్టానికి అని మొదట ప్రశ్నించుకోవాలి. దీపం చూపినంత మాత్రాన చాలదు. చూపినవాడు ముందు నడవాలి.