కీమ్యాన్ నిత్యకర్మ

పొద్దున్నే కీమ్యాన్ పట్టాల వెంట నడక మొదలుపెడతాడు. భుజాన సుత్తి, స్పానర్. సంచిలో ఎర్రజెండాలు, డిటోనేటర్లు. వెళ్లేటప్పుడు ఒక పట్టా, తిరిగొచ్చేటప్పుడు రెండోది చూడాలన్నది నియమం. కంకర మీద అడుగు ఆనదు, స్లీపర్ల ఎడం మనిషి అంగకు కుదరదు. వదులైన క్లిప్ కనబడితే వంగి సుత్తితో కొట్టి బిగించాలి, లేచి మళ్లీ నడవాలి. రామగుండం ఎండకు కాగి సాగే పట్టా చలికాలం కుంచించుకుని పగలవచ్చు. అందుకే రోజూ చూడాలి. చాలా రోజులు ఏమీ దొరకదు.

ఏమీ జరగకపోవడమే ఫలితమైన పనిని మనిషి ఏ నమ్మకంతో చేయాలి?

రైలుకన్నా ఎంతో పాత ప్రశ్న ఇది. వేదవిధులకు అర్థం తేల్చే మీమాంసకులు కర్మలను నిత్యమని, నైమిత్తికమని, కామ్యమని విడదీశారు. కామ్యకర్మకు ఫలం ఉంది: స్వర్గం కోరినవాడు యాగం చేస్తాడు. సంధ్యావందనం వంటి నిత్యకర్మ అలా కాదు. చేస్తే ప్రత్యేకంగా ఒరిగేదేమీ లేదు, మానితే మాత్రం ప్రత్యవాయం, అంటే దోషం. ప్రయోజనం తోచనిదే ఎవరూ పనికి పూనుకోరని కుమారిల భట్టు వాదం. దోషం తగలకపోవడమే నిత్యకర్మకు ప్రయోజనమని ఆ పక్షం చెబుతుంది. ప్రభాకరుడి పక్షం ఒప్పుకోలేదు. విధించారు కనుక చేయాలి, అంతకుమించి ఫలం వెతకనక్కర్లేదంది.

కీమ్యాన్ బీట్, అంటే పట్టా చూస్తూ రోజూ నడిచే ఆ నడక, అచ్చంగా నిత్యకర్మే. వెయ్యి రోజులు సరిగా చూసినందుకు మెచ్చుకునేవారు ఉండరు.

ఇక పట్టా విరిగి కనిపించిన రోజు సంగతి. ఆలోచిస్తూ నిలబడే వ్యవధి ఉండదు. రైలు వచ్చే దిక్కుకు ఎర్రజెండా చూపుతూ పరుగెత్తాలి. బ్రాడ్‌గేజ్ మీద విరిగిన చోటు నుంచి 600 మీటర్ల దగ్గర ఒక డిటోనేటర్, 1200 మీటర్ల దగ్గర పది మీటర్ల ఎడంతో మూడు పట్టాకు బిగించాలి. చక్రం ఎక్కగానే అవి పెద్ద చప్పుడుతో పేలి డ్రైవర్‌ను హెచ్చరిస్తాయి. ఊపిరి అందని ఆ పరుగులో సొంత తెలివికన్నా వంటబట్టిన వరసే మనిషిని నడిపిస్తుంది. పద్ధతిని పాటించేవాణ్ని యంత్రమని తక్కువ చేసేవారు ఈ పరుగును తలచుకోవాలి.

అయితే కుమారిలుడు, ప్రభాకరుడు ఇద్దరిలో ఎవరి మాట సరి? బోల్టు బోల్టుకూ ఫలం అడిగితే బీట్ పూర్తికాదు, కనుక చేతికి ప్రభాకరుడే కావాలి. మనసుకు మాత్రం కుమారిలుడు కావాలి. బోగీలో నిద్రపోతున్న మనుషులు గుర్తులేనివాడు సుత్తి ఊపుతాడే గానీ పట్టాను చూడడు. మీమాంసలో నిత్యకర్మ మానిన దోషం మానినవాడికే తగులుతుంది. ఇక్కడ అది ముక్కూమొహం తెలియని ప్రయాణికులకు తగులుతుంది.

తెలుగులో విధి అంటే ఉద్యోగ బాధ్యత, నియమం, తలరాత కూడా. పట్టాల మీద పనిచేస్తూ రైలు కింద పడి చనిపోయిన కార్మికుడి గురించి విధి నిర్వహణలో మరణించాడని రాస్తాం. ఆ మరణాన్ని తలరాత అనుకోవడం అన్యాయం. బీట్‌కు చాలినంత మందినీ, వెనుక నుంచి వచ్చే రైలును ముందే తెలిపే పరికరాన్నీ, నడుము వాల్చే తీరికనూ ఇవ్వడం రైల్వే తన నిత్యకర్మగా ఎంచాలి.