బుధవారం అడ్వాన్స్ కట్టకు

చిన్నోడా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నీ ఎడమ చెవి లోపల కణితి బయటపడిందట, ఆపరేషన్‌కి బుధవారమే అడ్వాన్స్ కట్టమన్నారట. నువ్వు పంపిన రిపోర్టు పొద్దున్నే కూర్చుని రెండుసార్లు చదివాను. వెస్టిబ్యులర్ ష్వానోమా, 14 మిల్లీమీటర్లు అని ఉంది. అకౌస్టిక్ న్యూరోమా అని డాక్టరుగారు చెప్పింది దీన్నే. ముందు మీ అమ్మని కూర్చోబెట్టి చెప్పు, ఇది క్యాన్సర్ కాదు. మనిషి తూలిపోకుండా నిలిపే నరం ఒకటి లోపలి చెవి నుంచి మెదడుకి వెళుతుంది. దాని పైపొరలోంచి పుట్టిన గడ్డ ఇది. ఒంట్లో ఇంకోచోటికి పాకదు. పెరిగినా మామూలుగా ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు, కొన్నయితే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతాయి.

అంటే ఆలోచించుకోవడానికి నీకు వ్యవధి ఉందిరా. ఆ వ్యవధిని వాడుకోమని చెప్పడానికే ఈ ఉత్తరం.

నా ఉద్యోగంలో ఎక్కువ కాలం న్యూరోసర్జరీ వార్డులోనే గడిచింది. ఈ ఆపరేషన్ అయిన మర్నాడు రౌండ్స్‌లో డాక్టర్లు రోగిని అడిగే మొదటి మాట, "కళ్లు గట్టిగా మూయండి, పళ్లు చూపించండి." ముఖాన్ని కదిలించే నరం ఈ కణితిని అంటుకునే ఉంటుంది మరి. నరం దెబ్బతిన్నవాళ్లకి ఒక కన్ను మూతపడదు. పగలంతా చుక్కలు వేస్తూ, రాత్రికి ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్ప కిందికి దించి టేపు అంటించేవాళ్లం. మంచినీళ్లు పట్టిస్తే ఆ వైపు నుంచి కారిపోయేవి. అద్దం అడిగి చూసుకుని గోడవైపు తిరిగి పడుకున్నవాళ్లు నాకింకా గుర్తే. కొందరికి నెలల్లో ముఖం కుదుటపడింది, కొందరికి పూర్తిగా రాలేదు. చక్కగా నవ్వుతూ ఇంటికి వెళ్లినవాళ్లూ బోలెడుమంది. నిన్ను భయపెట్టాలని కాదు, ఏం పణంగా పెడుతున్నావో తెలిసి సంతకం పెట్టాలని చెబుతున్నాను.

ఒకప్పుడు ఈ జబ్బులో ప్రాణం దక్కడమే గొప్ప. సర్జన్ హార్వే కుషింగ్ కణితిని మొత్తం పెకలించకుండా లోపల తొలిచి వదిలేసి ఎందరినో బతికించాడు, 1917లో దీనిమీద పెద్ద పుస్తకమే వేశాడు. 1960లలో లాస్ ఏంజిలిస్‌లో విలియం హౌస్ చెవి ఎముక గుండా మైక్రోస్కోపుతో దారి చేశాడు. 1969లో స్టాక్‌హోమ్‌లో లార్స్ లెక్సెల్ కోత లేకుండా గామా కిరణాలతో దీనికి వైద్యం మొదలుపెట్టాడు. ఇప్పుడు నీ ముందు మూడు దారులు: కోయించుకోవడం, రేడియేషన్, ఏమీ చేయకుండా ఆర్నెల్లకో ఏడాదికో స్కాన్ తీయించి కనిపెట్టుకుని ఉండడం. నార్వేలో చిన్న కణితులున్న వందమందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి వెంటనే రేడియేషన్ ఇచ్చి, రెండో జట్టుని కనిపెట్టి చూశారు. 2023లో ఫలితాలు వచ్చాయి. నాలుగేళ్లకి రేడియేషన్ తీసుకున్నవాళ్ల కణితులు సగటున తగ్గాయి, వినికిడిలో మాత్రం రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. కనిపెట్టి చూసినవాళ్లలో సుమారు సగంమందికి ఆ నాలుగేళ్లలో ఏ చికిత్సా అవసరపడలేదు. ఇంత జాగ్రత్తగా చూసినా అందరికీ ఒకటే దారి అని తేలని చోట, ఒక్క డాక్టరు మాటతో బుధవారానికి ముహూర్తం పెట్టుకుంటావా?

నీకు ఆపరేషన్ చెప్పిన డాక్టరుగారు చెడ్డవాడని అనను. చేయి తిరిగిన సర్జన్‌కి కత్తి మీద నమ్మకం ఉంటుంది, రేడియేషన్ డాక్టరుకి కిరణం మీద ఉంటుంది. ఇద్దరూ తాము బాగుచేసిన మనుషుల్ని కళ్లారా చూసినవాళ్లే. అందుకే ఇద్దరినీ అడగాలి. మొన్న ప్లాటు కొనేముందు లింకు డాక్యుమెంట్లు ఇద్దరు లాయర్లకి చూపించావు, ఎవరూ నొచ్చుకోలేదు కదా. మంచి డాక్టరు సెకండ్ ఒపీనియన్ అంటే ముఖం చిట్లించడు. చిట్లించాడంటే అక్కడ కోయించుకోకపోవడమే మంచిది.

అదే స్కాన్, అదే ఆడియోగ్రామ్ అందరికీ చూపించు. ముందటి డాక్టరు ఏమన్నాడో మొదటే చెప్పేయకు, ఈయన అభిప్రాయం విన్నాక చెప్పు. ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు, మీ చేతిలో ముఖ నరం ఎలా ఉంటోంది, ఈఎన్‌టీ సర్జన్ కూడా పక్కనుంటారా అని మొహమాటం లేకుండా అడుగు. ఆపరేషన్‌లో చెవి ఎముక గుండా వెళ్తే ఆ చెవి వినికిడి పూర్తిగా పోతుంది. వేరే దారుల్లో నిలబెట్టే ప్రయత్నం చేయొచ్చు గానీ హామీ ఇవ్వలేరు. రేడియేషన్ తర్వాత కణితి కొన్నాళ్లు ఉబ్బి తగ్గొచ్చు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి స్కాన్లు తప్పవు. ఆ గామా కిరణాల వైద్యం చేసే గామా నైఫ్ బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఉంది, ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉంది. రైలు ప్రయాణానికి బద్ధకించకు.

ఇంకొకటి, ఇది కాస్త కటువుగానే చెబుతాను. నీకు నచ్చిన మాట చెప్పే డాక్టరు దొరికేదాకా తిరగడం అభిప్రాయం తీసుకోవడం కాదు, పారిపోవడం. ముగ్గురు నమ్మకమైనవాళ్లు చాలు. ఆ తర్వాత కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని ఇద్దరూ తేల్చుకోండి. రోజూ పిల్లలకి పాఠం చెప్పేవాడివి, నీకు ముఖం ముఖ్యమా, మిగిలిన వినికిడి ముఖ్యమా, కణితి లోపల ఉందన్న దిగులుతో బతకగలవా? వీటికి జవాబు ఏ డాక్టరూ చెప్పలేడు. నేనూ చెప్పను. స్కాన్లు తీయిస్తూ ఆగుదామని నిర్ణయించుకుంటే ఒక్క స్కాన్ కూడా ఎగ్గొట్టనని మాటివ్వాలి. ఈలోగా తీవ్రమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, నడక తడబడడం లాంటివి వస్తే ఇవన్నీ పక్కనపెట్టి అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్లు.

రేపే వెళ్లి స్కాన్ సీడీ, రిపోర్టులు రాతపూర్వకంగా అడుగు. 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే ఉంది. అవి చేతికి రాగానే నాకు ఫోన్ చెయ్యి. బెంగళూరు ప్రయాణానికి నేనూ వస్తాను.

మీ
పెద్దమ్మ