ఉపేక్ఖా అంటే నోరు మూసుకోవడం కాదు



తెలుగులో 'ఉపేక్షించాడు' అంటే పట్టించుకోలేదని అర్థం. పాళీలో ఉపేక్ఖా అంటే అది కాదు. మెత్త, కరుణ, ముదితల తర్వాత వచ్చే నాలుగో బ్రహ్మవిహారం అది. అజ్ఞానంతో కూడిన ఉదాసీనత దానికి దగ్గరి శత్రువని విశుద్ధిమగ్గంలో బుద్ధఘోషుడు చెప్పాడు. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి మరి!

అమెరికాలో టెక్సాస్ సంగతి వినండి. అక్కడి రాష్ట్ర విద్యా సంస్థలో క్రిస్ కోమర్ సైన్స్ డైరెక్టర్. సృష్టివాదాన్ని విమర్శించే బార్బరా ఫారెస్ట్ ఆస్టిన్‌లో ప్రసంగిస్తున్నారన్న ఈమెయిల్‌ను 2007 అక్టోబరులో కొందరికి పంపారు. ఈ విషయంలో సంస్థ తటస్థంగా ఉండాలి, మీరు ఒక పక్షం వహించారు అన్నారు పైవాళ్లు. నవంబరులో ఆమె రాజీనామా చేయాల్సి వచ్చింది. కోర్టుకెళ్లినా 2010లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయారు. విచిత్రమేంటంటే, జీవపరిణామం ఆ రాష్ట్ర పాఠ్యప్రణాళికలోనే ఉంది!

తటస్థత మంచిది కాదా అంటారేమో. మంచిదే. ఉద్యోగి తన మతాన్ని బడిలోకి తేకూడదు. బౌద్ధుడైనా సరే, ఇది మనకూ వర్తిస్తుంది. కానీ జీవులు మారుతూ వచ్చాయా లేదా అన్నది మతం తేల్చే విషయం కాదు. శిలాజాలున్నాయి, జన్యువులున్నాయి. చూసి తేల్చుకోవాల్సిన విషయమది.

మజ్ఝిమ నికాయంలో అభయరాజకుమార సుత్తం ఉంది. అభయుడి ఒడిలో పసివాడు పడుకుని ఉన్నాడు. వీడు నోట్లో గులకరాయి పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. రక్తం వచ్చినా సరే వేలుపెట్టి తీసేస్తానన్నాడు అభయుడు, బిడ్డ మీద కరుణతో. తథాగతుడి మాట కూడా అలాంటిదే. సత్యమై, మేలు చేసేదైతే, ఎదుటివాళ్లకు నచ్చకపోయినా తగిన సమయం చూసి చెబుతాడు.

ఆ 'తగిన సమయం' దగ్గరే మనం దాక్కుంటాం.

మన దేశంలో 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామం పాఠం తీసేశారు. పన్నెండులో ఉందిగా అన్నారు. పదకొండులో బయాలజీ తీసుకోని పిల్లలకు ఇంకెప్పుడు? 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు సంతకాలు చేసి అభ్యంతరం చెప్పారు.

మీలో టీచర్లున్నారు, విద్యాశాఖ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లున్నారు. ఉద్యోగం పోతుందన్న భయం చిన్నదేం కాదు. ఇంట్లో కట్టాల్సిన ఫీజులు, వాయిదాలు నాకూ తెలుసు. సభలో మాట్లాడలేకపోతే మానండి, మిమ్మల్నెవరూ తప్పు పట్టరు. కానీ ఒక పిల్ల లేచి "సార్, మనిషి ఎలా వచ్చాడు?" అని అడిగిందనుకోండి. "ఒక్కొక్కరు ఒక్కోలా అంటారమ్మా, కూర్చో" అంటే అది మౌనం కాదు. అక్కడ సమ్మావాచ తప్పినట్టే.