కింద పరిచిన గుడ్డ

మామూలు సైకిల్ వెనక చక్రం హబ్బు విప్పితే ఒక్కో వైపు తొమ్మిది ఉక్కు గోళీలుంటాయి. ఒక్కోటి పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు. ముందు చక్రానివి ఇంకా చిన్నవి, వైపుకి పది. పగలు విప్పితే ఇవి వట్టి సామాను. రాత్రి, కరెంటు పోయిన సెల్లార్‌లోనో, దీపం వెలగని రోడ్డు పక్కనో విప్పామా, ఒక్కోదానికీ పారిపోయే బుద్ధి పుడుతుంది. టక్కుమని ఒక చప్పుడు, కాస్త దొర్లిన చప్పుడు, ఆ తర్వాత ఏమీ ఉండదు.

దీనికి విరుగుడు పాతదే, తేలికైనదే. పని మొదలుపెట్టే ముందు కింద ఒక లేత రంగు గుడ్డ పరచాలి. దాని అంచులు కాస్త మడిచి గట్టులా చేసుకోవాలి. చక్రాన్ని గుడ్డ మధ్యలో పడుకోబెట్టి, అప్పుడు కోను వదులు చెయ్యాలి. నట్లూ వాషర్లూ విప్పిన వరసలోనే పళ్ళెంలో పెట్టుకోవాలి. గోళీలు లెక్కపెట్టి గిన్నెలో వేసుకోవాలి. బిగించేటప్పుడు కప్పులో ముందు గ్రీజు రాస్తే గోళీలు దానికంటుకుని కదలకుండా కూర్చుంటాయి. అంతే.

ఇంత చిన్న పనిలో తాత్విక ప్రశ్న ఏముందని అడగొచ్చు. ఉంది. జాగ్రత్త అనేది మనిషి లోపల ఉండే గుణమా, లేక నేల మీద పరిచిన ఆ గుడ్డలో ఉంటుందా?

మనం మొదటిదే అనుకుంటాం. అందుకే ఎవరికైనా ఏదైనా అప్పగిస్తూ "జాగ్రత్త" అంటాం. పోతే "నీ కళ్ళేమయ్యాయి?" అంటాం. జాగ్రత్ అంటే సంస్కృతంలో మేలుకుని ఉండటం. మేలుకుని ఉన్నవాడి చేతిలోంచి ఏదీ జారదనీ, జారిందంటే వాడు లోపల ఎక్కడో నిద్రపోతున్నాడనీ మన నమ్మకం. వస్తువు పోవడం అలా నేరుగా శీలం మీదికి వచ్చేస్తుంది.

కానీ చీకట్లో ఎంత మేలుకున్నా కన్ను సగమే పనిచేస్తుంది. కంటి తెరలో మసక వెలుతురును పట్టే కణాలు సరిగ్గా మధ్యలో ఉండవు, చుట్టూ ఉంటాయి. అంటే చీకట్లో దేన్నైతే సూటిగా, శ్రద్ధగా చూస్తామో అదే సరిగా కనబడదు. ఆ కణాలు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ టార్చ్ వంక చూశామా, మళ్ళీ మొదటికొస్తుంది. వేళ్ళకి గ్రీజు, గోళీకి గ్రీజు. అలాంటి చేతికి "జాగ్రత్తగా ఉండు" అని చెప్పడమంటే అది ఇవ్వలేనిదాన్ని అడగడమే.

గుడ్డ పరిచినవాడు తన చేతిని నమ్మడం లేదా? ఏళ్ళ తరబడి చెట్టు కింద సైకిళ్ళు బాగుచేసే మేస్త్రీ ముందు కూడా గోనెపట్టా పరిచి ఉంటుంది. చెయ్యి తిరిగినవాడే కదా, మరి ఎందుకు? ఎందుకంటే చెయ్యి జారుతుందని బాగా తెలిసినవాడు అతనే. "నేను జారవిడవను" అనడంలో నేనున్నాను. "జారినా పోదు" అనడంలో ఆ వస్తువుంది, రేపు ఆ సైకిలెక్కే మనిషి ఉన్నాడు. రెండో మాటలో వినయం ఉందని కూడా నేననను. చూపు నా మీంచి పని మీదికి మళ్ళింది, అంతవరకే.

ఇక్కడ ఇంకో చీకటి ఉంది. తొమ్మిదింటిలో ఒకటి పోయిందనుకోండి. ఎనిమిదితోనే బిగించేయొచ్చు. చక్రం తిరుగుతుంది, చూసేవాళ్ళకి ఏ తేడా కనబడదు. బరువు మాత్రం మిగిలిన ఎనిమిది మీద పడి, నెమ్మదిగా కప్పూ కోనూ అరుగుతాయి. అప్పటికి ఆ రాత్రి ఎవరికీ గుర్తుండదు. అర్ధరాత్రి మోకాళ్ళ మీద కూర్చుని వెతికి విసిగినవాడికి ఈ ఎనిమిది లెక్క ఎంత సబబుగా కనిపిస్తుందో ఊహించండి. మంచివాడైనా అబద్ధం వైపు మొగ్గే చోటు అది. గుడ్డ వాణ్ణి ఆ చోటిదాకా పోనివ్వదు. నిజాయితీని పరీక్షలో నెగ్గాల్సిన గుణంగానే చూస్తాం మనం. అసలు పరీక్షే రాకుండా చూసుకోవడమూ నిజాయితీలో భాగమే.

ఆపరేషన్ థియేటర్లలో ఇది ఎప్పటినుంచో తెలుసు. రోగి గది దాటే ముందు పరికరాలు, గాజుగుడ్డలు, సూదుల లెక్క సరిపోయిందో లేదో పైకి చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో ఉంది. అక్కడ లెక్క అడిగితే ఎవరికీ అవమానం కాదు. మన ఇళ్ళలో మాత్రం లెక్క అడగ్గానే "నన్ను నమ్మవా?" అనే మాట వస్తుంది. నమ్మకాన్నీ లెక్కనీ మనం ఎదురెదురుగా నిలబెట్టేశాం.

అయితే ఒక అభ్యంతరం ఉంది. అంతా ఏర్పాటులోనే ఉంటే ఇక మనిషి బాధ్యత ఏమైనట్టు? పోలేదు, కాస్త ముందుకు జరిగింది. చెయ్యి జారిన క్షణానికి నిన్ను తప్పు పట్టలేను. దానికి పది నిమిషాల ముందు, గుడ్డ అందుబాటులో ఉండి కూడా పరచకపోతే పట్టొచ్చు. 'అందుబాటులో ఉండి' అన్న మాట ముఖ్యం. తెల్లవారుజామున నాలుగింటికి పేపర్లు వేసే కుర్రాడి సైకిల్ వాల్ పిన్ను రోడ్డు మీద ఎగిరిపోతే, వాడి దగ్గర గుడ్డ లేదు, వెలుతురు లేదు, ఆగే టైము అసలే లేదు. ఆ చీకట్లో పని పెట్టినవాళ్ళే ఆలస్యానికి జీతం కోస్తే, అజాగ్రత్త ఎవరిది? చీకట్లో పని అప్పగించేవాడు దీపమూ గుడ్డా కూడా అప్పగించాలి. అవి ఇవ్వకుండా జాగ్రత్త మాత్రమే ఇచ్చేవాడు తన బాధ్యతని ఎదుటివాడి వేళ్ళకి చుట్టేస్తున్నాడు.

గుడ్డ లేనప్పుడు జారితే? ముందు పాదాలు కదపకూడదు. వెతకడం సొంత ఒళ్ళోంచి మొదలుపెట్టాలి: చొక్కా మడతలు, చెప్పు అంచు, గ్రీజు అంటిన అరచెయ్యి. తర్వాత టార్చ్‌ని పైనుంచి కాకుండా నేలకి ఆనించి అడ్డంగా వెయ్యాలి. అప్పుడు పావు అంగుళం గోళీకి కూడా పొడుగాటి నీడ పడుతుంది. దొరక్కపోతే బిగించకుండా తెల్లారేదాకా ఆగాలి. ఆగగలిగే వీలుండటం కూడా అందరికీ లేని సంపదే.

పరిచిన గుడ్డ మీద చాలా రాత్రులు ఏమీ పడదు. పొద్దున దులిపి మడిచేస్తాం. అందుకే దాని విలువ ఎవరికీ తెలియదు, మెచ్చుకునేవాళ్ళూ ఉండరు. కాపాడిన జాగ్రత్తకి సాక్ష్యం మిగలదు, తప్పిన జాగ్రత్తకే కథలుంటాయి. మనం చెయ్యగలిగింది చిన్నదే. ఈసారి ఎవరైనా చీకట్లో ఏదైనా విప్పుతుంటే, "జాగ్రత్త" అనేసి పక్కకి తప్పుకోకుండా "కింద ఏమైనా పరిచావా?" అని అడగొచ్చు. లేదంటే, మన భుజం మీది తువ్వాలు తీసి ఇవ్వొచ్చు.