తరలిన చైత్యం

పవిత్రమైన కట్టడాన్ని పునాదుల నుంచి విప్పి మరోచోట నిలబెడితే దాని పవిత్రత వెంట వస్తుందా, పాత నేలలోనే ఉండిపోతుందా అన్న ప్రశ్నకు పల్నాడులో నాగార్జునకొండను మించిన నిదర్శనం లేదు. రాజుపాలెం నుంచి పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరి, లాంచీలో కొండ మీది మ్యూజియానికి వెళ్లేవారు చూసే మహాచైత్యం, క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని మేనత్త చాంతిసిరి పోషణలో కింది లోయలో వెలసింది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ జలాశయంలో ఆ లోయ మునగనున్నందున, 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండపైనా, నది ఒడ్డున అనుపులోనూ తిరిగి నిర్మించారు.

బౌద్ధ సంప్రదాయం చైత్యాలను మూడు విధాలుగా చెబుతుంది: బుద్ధుని శరీరావశేషాలున్నవి శారీరకాలు, బోధివృక్షం, భిక్షాపాత్ర వంటి ఆయన వినియోగించినవి పారిభోగికాలు, ఆయనను తలపుకు తెచ్చే ప్రతిమల వంటివి ఉద్దేశికాలు. మహాచైత్యం మొదటి తరగతికి చెందినదే. అయితే అంతకుముందు పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ జరిపిన తవ్వకాల్లో బంగారు భరిణెలో దొరికిన ధాతువు, అంటే అస్థిశకలం, జలాశయానికి చాలా ముందే సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి చేరింది. కనుక ఆ మతం సొంత కొలమానంతోనే చూస్తే లోయ మునిగేనాటికి చైత్యంలో ధాతువు లేదు. చక్రం ఆకుల్లా లోపలి గోడలు సాగే కొండ మీది కట్టడం నేడు ఉద్దేశికం.

హిందూ ఆలయ విధులను చెప్పే ఆగమాల దారి వేరు. జీర్ణోద్ధరణలో, అంటే శిథిలమైన ఆలయాన్ని బాగుచేసేటప్పుడు, కళాకర్షణ చేసి, అంటే మూర్తిలోని దైవకళను కుంభజలంలోకి ఆవాహన చేసి, బాలాలయమనే తాత్కాలిక మందిరంలో ఆరాధన సాగిస్తారు, శిథిలబింబాన్ని నీట నిమజ్జనం చేస్తారు. ఈ దృష్టికి మునక అపచారం కాదు. శ్రీశైలం జలాశయంలో ఏటా నెలల తరబడి మునిగే సంగమేశ్వరుణ్ణి నీరు తగ్గగానే భక్తులు మళ్లీ పూజిస్తున్నారు.

కొండకు పేరిచ్చాడని సంప్రదాయం చెప్పే ఆచార్య నాగార్జునుడు, ఇతరాల మీద ఆధారపడని సొంత ఉనికి, అంటే స్వభావం, ఏ వస్తువుకూ లేదన్నాడు. శూన్యత అంటే ఇదే. దాని ప్రకారం పవిత్రత ఇటుకలోనూ లేదు, నేలలోనూ లేదు. ధాతువు, దాత, మొక్కేవారు, చోటు కలిసినప్పుడు కలిగేది అది. తరలించినవారికి ఈ వాదం మరీ అనుకూలమని అనిపించవచ్చు గానీ, సంబంధాలన్నీ తెగి అద్దాల వెనుక నిలిచిన శిల్పం ఏమిటని మ్యూజియాన్ని నిలదీసేదీ ఇదే వాదం. ధాతువు ఒకచోట, శిల్పాలు ఒకచోట, రంగస్థలం, విహారాలు అనుపులో ఉన్నప్పుడు ఏ ఒక్కదాన్నీ ఇక్ష్వాకుల రాజధాని విజయపురి అనడానికి వీల్లేదు. అందువల్ల కొండకు వెళ్లేవారు మ్యూజియం చూసి లాంచీ వేళకు తిరిగిపోకుండా, ఒడ్డున ఉన్న అనుపును కూడా తప్పక చూడాలి.