చందవోలు రాకుమార్తె

తెనాలికి దక్షిణముగా, రేపల్లె బాపట్లల నడుమ చందవోలు గ్రామము కలదు. నేడది లింగోద్భవస్వామి, బండ్లమ్మతల్లి కొలువుదీరిన పల్లె; 12వ శతాబ్దిలో వెలనాటి చోడుల రాజధాని.

అవ్వలు చెప్పు రాకుమార్తెల కథలు పెండ్లితో ముగియును. ఈ ఊరి రాకుమార్తె కథ పెండ్లితోనే మొదలగును. వెలనాటి గొంకరాజు తన కుమార్తె మైలమదేవిని హైహయుడగు అనుగురాజున కిచ్చి, పల్నాటిసీమను అరణముగా నొసగెనని వీరగాథ చెప్పుచున్నది. చీరలు, సొమ్ములు కాదు. ఒక రాజ్యమే అరణము! ఆ సొత్తుకొరకే సవతుల బిడ్డలు రెండు పాళ్లయిరి. మైలమ కుమారుడు నలగాముడు గురజాలను, వీరవిద్యాదేవి కుమారుడు మలిదేవుడు మాచెర్లను ఏలిరి. కోడిపందెము, వనవాసము, 1182 ప్రాంతమున కారెంపూడి యుద్ధము అందరెరిగినవే.

తగినంతగా తలపనిది పేరిందేవి సంగతి. ఆమె నలగాముని కూతురు, మైలమకు మనుమరాలు. భర్త అలరాజు మలిదేవుని పక్షమున రాయబారియై మామగారి కొలువున కేగి విషప్రయోగమునకు బలియయ్యెను. ఆమె సహగమనము చేసెను. ఆమె బ్రతికియుండదగిన చోటు ఆ రెండు రాజ్యములలో నెచ్చటను లేకపోయెను.

నాయకురాలు నాగమ్మ శివభక్తురాలు, బ్రహ్మనాయుడు వీరవైష్ణవుడు అని ఈ గాథను మతకలహముగా దిద్దువారు మనలోను కలరు. ఆమె శైవురాలైనంతమాత్రమున ఆ విషపాత్రను మనము వెనుకవేసికొని రానక్కరలేదు. అన్ని కులములను ఒక్క పంక్తిన కూర్చుండబెట్టిన చాపకూడు బ్రహ్మనాయునిది. శరణుల బిడ్డలు దానిని మెచ్చుకొనుటకు జంకనేల?

ఇంచుమించు ఆ తరముననే కల్యాణమున వేరొక పెండ్లి జరిగెను. సమగార హరళయ్య కుమారుడు వరుడు, విప్రకులజుడగు మధువరసు కుమార్తె వధువు. అచ్చట రాజ్యము అరణము కాలేదు. ఆ తండ్రులిరువురును తమ ప్రాణములనే చెల్లించిరి. అక్కమహాదేవియో, కౌశికరాజు నగరును విడిచి, మల్లికార్జునుడే పతియని శ్రీశైలమునకు నడచెను. ఆ శ్రీశైలము పల్నాటికి పొరుగే.

లింగధారిణికి భర్త గతించినను కరమునందలి లింగము గతింపదు. ఆమె దేహమునకు చితి లేదు, సమాధియే. బాలికకు ఇష్టలింగము కట్టునాడు గురువు ఆమె ఏ ఇంటి కోడలు కానున్నదని అడుగడు. బాలునికిచ్చిన దీక్షయే ఆమెకును ఇచ్చును. అట్టి దీక్షలు జరిగిన ఇండ్లలోనే, సంబంధము కుదురునాడు, అరణపు లెక్కలు నేటికిని వినవచ్చుచున్నవి.