చాలు అను మాట

వర్తకుల నోట అరుదుగా వినవచ్చు మాటలలో "చాలు" అనునది యొకటి. ఏటి లెక్కలు కట్టి, లాభము తేలిన గంటలోపలనే రాబోవు ఏటి లాభమును గూర్చి బెంగ మొదలగును. తేలిన లాభమునకు సంతోషించుటకు తీరిక యుండదు.

ఇది లోభమని కొట్టివేయుట సులభము. కాని అందులో లోభముతోబాటు భయము కూడ కలదు. పెరుగని వ్యాపారము నిలువదని భయము. ప్రక్క కొట్టువాడు పెంచినచో తన కొట్టు మూతబడునని భయము. బ్యాంకి వడ్డీ, గుమాస్తాల జీతములు, పిల్లల చదువులు కల్పితములు కావు. ఈ భయమును లెక్కలోనికి తీసికొనక సంతృప్తిని బోధించినచో వర్తకుడు వినును, తల యూపును, మరునాడు యథాప్రకారము కొట్టు తెరచును.

ఉపాసకదశాంగమను ఆగమములో వాణిజ్యగ్రామ నివాసియైన ఆనందుడను గృహస్థుని చరిత్ర కలదు. ఆయనకు 4 కోట్ల సువర్ణము నిలువలోను, 4 కోట్లు వ్యాపారములోను, 4 కోట్లు గృహ సంపదలోను ఉండెను. పదేసి వేల ఆవులు గల మందలు నాలుగు ఉండెను. మహావీరస్వామి యెదుట శ్రావక వ్రతములు గైకొనునపుడు, ఐదవదైన పరిగ్రహ పరిమాణములో ఆయన ఆ పన్నెండు కోట్లనుండి ఒక్క నాణెమైనను వదలలేదు. ఉన్నది ఉంచుకొని, ఇంతకు మించి వలదనెను. ఇదేమి త్యాగమని నవ్వువారు కలరు. వారు "ఇంకను" అను కోరిక బరువు ఎన్నడును తూచి చూడనివారు. ఉమాస్వాతి ఆచార్యులు పరిగ్రహమనగా వస్తువు కాదు, వస్తువుపై మూర్ఛ యని నిర్ణయించిరి. ఆనందుడు మొదట దించినది ఆ మూర్ఛను.

అంతటితో నిలువక, పలుదోముటకు పచ్చి అతిమధురపు పుల్ల, పండ్లలో ఒక జాతి ఉసిరిక, త్రాగుటకు వర్షజలము అని చిన్న చిన్న వస్తువులకు కూడ ఆయన హద్దులు పెట్టుకొనెను. పన్నెండు కోట్లవాడు పలుదోముపుల్లను లెక్కించుట విచిత్రముగా తోచవచ్చును. కాని ఒక్కటే యని నిశ్చయించుకొనినవానికి ఆ యొక్కటి కంటబడును, రుచి తెలియును. పదునాలుగేండ్లు ఇట్లు గడచిన పిమ్మట, పదునైదవ ఏట పెద్ద కుమారునికి ఇల్లప్పగించి, కొల్లాగమున పౌషధశాలకు పోయెను. హద్దులో బ్రదుక నేర్చినవానికి విడుచుట పెద్ద పని కాలేదు.

హద్దు గీచుకొని దానిని తప్పించుకొను ఉపాయములు కూడ పూర్వులు ఎరుగుదురు. ఒక్క పొలమే యని వ్రతము పట్టినవాడు ప్రక్క పొలము కొని, నడుమ కంచె తీసివేసి, ఇప్పటికిని ఒక్కటే యనును. వచ్చిన సొమ్మును వ్రత కాలము తీరువరకు ఇతరుల యొద్ద దాచును. వ్యాఖ్యాతలు వీనిని అతిచారములుగా వ్రాసి పెట్టిరి. భార్య పేర కొట్టు, బావమరది పేర గోదాము అను నేటి పద్ధతులు వారికి క్రొత్తగా తోచవు. ఈ కంచె తీయు ఉపాయము కనిపెట్టినవాడు తప్పక వర్తకుడే యైయుండును.

కృతజ్ఞతకును ఈ హద్దునకును సంబంధమేమని అడుగవచ్చును. రాని దానిని లెక్కించుచున్నవానికి వచ్చిన దానిని లెక్కించు తీరిక లేదు. హద్దు గీచిన పిమ్మట చూపు వెనుకకు మరలును. ఒక మిరప బస్తా కొట్టునకు చేరుటలో రైతు, లారీ డ్రైవరు, హమాలీ, నమ్మి అరువిచ్చిన టోకు వ్యాపారి, ఆ అరువు తీరుటకు కారణమైన చిల్లర ఖాతాదారు, అందరి పాలును కలదు. ఆవర్జాలో వీరిలో కొందరు బాకీదారులుగా కనబడుదురు. కొందరు అసలే కనబడరు. జీవులు ఒండొరులకు ఉపకరించుచుందురని ఉమాస్వాతి సూత్రము. 1974-75లో మహావీరస్వామి 2500వ నిర్వాణోత్సవముల సందర్భమున అన్ని శాఖలవారు అంగీకరించిన జైన చిహ్నము క్రింద ఉన్నది ఆ సూత్రమే. పెండ్లి పత్రికలపై దానిని అచ్చువేయించువారు అనేకులు. హమాలీకి అన్వయించుకొనువారు కొందరు.

వ్యాపారములో నుండియే ఇది సాగునా యను సందేహమునకు శ్రీమద్ రాజచంద్రుని (1867-1901) జీవితము చూడదగినది. ఆయన బొంబాయిలో ముత్యములు, వజ్రముల వర్తకుడు. 1891లో ఇంగ్లండునుండి తిరిగివచ్చిన గాంధీజీ ఆయనను కలిసికొనిరి. బేరము మాటలు ముగిసిన వెంటనే ఆయన చేతిలోనికి ధర్మగ్రంథమో దినచర్య పుస్తకమో వచ్చెడిదని గాంధీజీ తమ ఆత్మకథలో వ్రాసిరి. ధర ఒక్కసారిగా పెరిగి, ఒప్పుకొనిన ధరకు సరకు ఇచ్చినచో చితికిపోవు వర్తకుని యింటికి ఆయన తానే పోయి, ఆ ఒప్పందపు కాగితము చింపివేసెనని చెప్పుకొందురు. ఆ లాభము న్యాయముగా ఆయనదే. ప్రతి మొండి బాకీని ఇట్లే చింపవలెనన్నచో కొట్లు నిలువవు. కాని ఇయ్యలేనివాడెవడో, ఇయ్యనివాడెవడో బాకీలు వసూలు చేయువానికి తెలియకపోదు.

యావజ్జీవము హద్దు గీచుకొనుటకు ధైర్యము చాలనివారికి దేశావకాశికమను చిన్న వ్రతము కూడ కలదు. ఒక దినమునకో, కొన్ని గంటలకో తిరుగు మేరను, వాడు వస్తువులను తగ్గించుకొనుట దాని విధానము. దీపము పెట్టిన వేళనుండి తెల్లవారువరకు ఫోనులో ధరలు చూడనని నియమము పట్టినను అదే త్రోవ. మొదటి దినము చేయి జేబులోనికి పోవుచునే యుండును. నాలుగవ దినమునకు ఇంటిలో ఏమి వండిరో, ముసలి తల్లి ఒక్క ప్రశ్ననే ఎన్నిసార్లు అడిగెనో, మనుమనికి బడిలో ఏ పాఠము జరుగుచున్నదో తెలియుట మొదలగును. రాత్రి ధర చూడనందున పోయిన బేరము ఒకటి ఉండవచ్చును, ఉండకపోవచ్చును.